తుందుర్రు నుంచి కార్ల షోరూమ్ దాకా: ఇళ్ల పక్కన ఏది కట్టాలో తేల్చేదెవరు? జనాన్ని అడిగేదెప్పుడు?

నరసాపురం: పశ్చిమ గోదావరి డెల్టాలో ఇళ్ల పక్కన పెద్ద కట్టడం ఏదైనా లేస్తోందంటే జనం నోట మొదట వచ్చే పేరు తుందుర్రు. భీమవరం మండలంలోని ఈ ఊళ్లో ఆక్వా ఫుడ్ పార్క్ వద్దంటూ సాగిన ఆందోళన 2016లో రాష్ట్రమంతా మార్మోగింది. ఊళ్లలో 144 సెక్షన్, వీధి చివర పోలీసు పికెట్లు, ఆడవాళ్ల మీద కూడా కేసులు. ఆ గొడవ చల్లారి ఏళ్లయింది. అది లేవనెత్తిన ప్రశ్న మాత్రం అక్కడే ఉంది. ఇళ్ల దగ్గరకు ఒక వ్యాపారం వస్తుంటే, అక్కడ ఉండేవాళ్లను ఎవరు అడుగుతారు? ఎప్పుడు అడుగుతారు?

నరసాపురం లాంటి పట్టణాలకు ఈ ప్రశ్న ఇప్పుడు కొత్త రూపంలో ముందుకొస్తోంది. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్లపై జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. కార్ల కంపెనీలు పెద్ద నగరాలు దాటి చిన్న పట్టణాలకు రావడం అంతకుముందే మొదలైంది. కత్తిపూడి నుంచి ఒంగోలు దాకా సాగే 216 జాతీయ రహదారి నరసాపురం మీదుగానే పోతుంది. రోడ్డు పక్క స్థలం, వెనకే కాలనీ. డెల్టాలో ఏ పట్టణం శివారు చూసినా ఇదే నక్షా. అలాంటి చోట కార్ల షోరూమ్ పెడతామని ఒక దరఖాస్తు వస్తే, వెనక వీధిలో ఉన్నవాళ్ల మాటకు విలువెంత? తుందుర్రు కథ చూస్తే దీనికి సగం జవాబు దొరుకుతుంది.

అసలు తుందుర్రులో ఏం జరిగింది?

కేంద్ర ఆహార శుద్ధి మంత్రిత్వ శాఖ 2008లో మెగా ఫుడ్ పార్క్ పథకం తెచ్చింది. ఒక్కో పార్కుకు కేంద్రం రూ.50 కోట్ల దాకా గ్రాంటు ఇచ్చేది. ఆ పథకం కిందే తుందుర్రుకు గోదావరి మెగా ఆక్వా ఫుడ్ పార్క్ వచ్చింది. రొయ్యలు, చేపలు శుద్ధి చేసి ఎగుమతి చేయడం దీని పని. చెరువుల మీద బతికే జిల్లాకు ఇలాంటి ప్లాంటు అవసరమేనన్న వాదనలో పస ఉంది. రొయ్య పట్టిన గంటల్లోనే ఐసు తగలాలి, తలకాయ తీయాలి, ఫ్రీజర్‌కు చేరాలి. ప్లాంటు దగ్గరుంటే రైతుకు రేటు, ఊళ్లో ఆడవాళ్లకు పని.

కానీ తుందుర్రు, జొన్నలగరువు, కంసాలి బేతపూడి గ్రామాల జనానికి కనిపించింది వేరు. రొయ్యల శుద్ధికి నీళ్లు విపరీతంగా కావాలి. కడిగిన నీటిలో పొట్టు, మాంసం తునకలు, క్లోరిన్ కలిసి ఉంటాయి. ఆ నీరు గొంతేరు డ్రెయిన్‌లో కలిస్తే దాన్ని నమ్ముకున్న మత్స్యకారుల గతేంటి? వరి చేల మాటేంటి? ఫ్రీజర్లలో వాడే అమోనియా లీకైతే ఇళ్లలో ఉన్నవాళ్లు ఎటు పోవాలి? భీమవరం, నరసాపురం, మొగల్తూరు మండలాల్లోని ఊళ్లకు ఈ భయం పాకింది.

ప్రభుత్వం చెప్పిన మాట ఒకటే: కాలుష్యం ఉండదు. తర్వాత, వ్యర్థ జలాలను పైపులైన్ వేసి సముద్రంలోకి పంపుతామన్న ప్రకటన వచ్చింది. ఇక్కడే మెలిక ఉంది. కాలుష్యమే లేనప్పుడు సముద్రం దాకా పైపు ఎందుకు? పైపు కావాల్సినంత వ్యర్థం ఉన్నప్పుడు ఆ మాట స్థలం ఎంపిక చేసే రోజే ఎందుకు రాలేదు? జనం రోడ్డెక్కాక జవాబు మారిందంటే, మొదటి పరిశీలనలో ఏదో తప్పిపోయిందనే అర్థం.

2016 అక్టోబరు నాటికి వ్యవహారం పూర్తిగా రాజకీయ రంగు పులుముకుంది. జనసేన అధినేత పవన్ కల్యాణ్ బాధిత గ్రామాల వాళ్లతో మాట్లాడి, ప్లాంటును సముద్ర తీరానికి మార్చాలని అడిగారు. నాటి ప్రతిపక్ష నేత వైఎస్ జగన్ స్వయంగా ఆ ఊళ్లకు వచ్చారు. హత్యాయత్నం సెక్షన్లు కూడా పెట్టారంటూ విపక్షాలు ధ్వజమెత్తాయి. చివరికి కేంద్ర మంత్రిగా హర్‌సిమ్రత్ కౌర్ బాదల్ ఉన్న కాలంలోనే పార్కు ప్రారంభమైపోయింది. ప్రభుత్వాలు మారాయి. పార్కు తుందుర్రులోనే ఉంది.

మొగల్తూరు ఘటనతో భయం నిజమైంది

2017 మార్చి 30న నరసాపురం పక్కనే ఉన్న మొగల్తూరు మండలంలో మరో ఆక్వా ప్లాంటులో ఘోరం జరిగింది. నల్లంవారితోటలో వ్యర్థాల ట్యాంకు శుభ్రం చేయడానికి దిగిన కార్మికులు విషవాయువు పీల్చి కుప్పకూలారు. ఐదుగురు చనిపోయారు.

ఇది తుందుర్రు పార్కు కాదు. ఆ తేడా మరిచిపోకూడదు. అయితే రొయ్యల శుద్ధిలో మిగిలే వ్యర్థం గాలి ఆడని ట్యాంకులో కుళ్లితే హైడ్రోజన్ సల్ఫైడ్ లాంటి వాయువు పుడుతుందన్నది సైన్సు చెప్పే మాట. "మాకేదో అవుతుందని భయం" అన్న జనాన్ని అభివృద్ధి వ్యతిరేకులని తీసిపారేసిన వాళ్లకు మొగల్తూరు దగ్గర మాట పడిపోయింది. ఆ భయాలను ముందే కాగితం మీద పెట్టి, ఒక్కోదానికి జవాబు రాసి ఉంటే? కొన్ని జవాబులు ప్లాంటుకు అనుకూలంగానే వచ్చేవేమో. కనీసం వీధి చివర పికెట్ల అవసరం ఉండేది కాదు.

రొయ్యల ప్లాంటుకు, కార్ల షోరూమ్‌కు సంబంధమేంటి?

చూడ్డానికి సంబంధమే లేనట్టు ఉంటుంది. ఒకచోట కంపు, ఇంకోచోట మెరిసే అద్దాలు. కానీ కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2016లో పరిశ్రమలను రెడ్, ఆరెంజ్, గ్రీన్, వైట్ అని విడగొట్టినప్పుడు ఈ రెండూ ఒకే గూటికి చేరాయి. చేపల శుద్ధి, ప్యాకింగ్ ఆరెంజ్. వాహనాల సర్వీసింగ్, రిపేరు, పెయింటింగ్ కూడా ఆరెంజే. వంద పాయింట్ల కాలుష్య సూచీలో 41 నుంచి 59 మధ్య వచ్చేవాటికి ఆ రంగు ఇచ్చారు.

ఒకే రంగు కాబట్టి రెండింటి ముప్పు సమానమని కాదు. పరిమాణంలో చాలా తేడా ఉంటుంది. తేలాల్సింది ఏంటంటే, షోరూమ్ అంటే కార్లు పెట్టే అద్దాల గది ఒక్కటే కాదు. చాలాచోట్ల దాని వెనక వర్క్‌షాప్ ఉంటుంది. అక్కడ వాటర్ సర్వీసింగ్ నడుస్తుంది. ఆ నీళ్లలో ఇంజిన్ ఆయిల్, గ్రీజు, షాంపూ, బురద. డెంటింగ్ దగ్గర రోజంతా సుత్తి చప్పుడు. పెయింటింగ్ బూత్ నుంచి థిన్నర్ వాసన. కొత్త కార్లు మోసుకొచ్చే పొడుగాటి కంటైనర్ లారీలు తిరగడానికి చోటు చాలక రోడ్డు మీదే ఆగిపోతాయి. పండగ డెలివరీల రోజున వీధిలో బైకు పెట్టే జాగా కూడా మిగలదు.

డెల్టాలో దీనికి ఇంకో లెక్క కూడా ఉంది. ఇక్కడ నేల పల్లం, భూగర్భ జలం పైపైనే ఉంటుంది. మురుగు కాలువలో పోసింది డ్రెయిన్‌లోకి, అక్కడి నుంచి ఉప్పుటేరులోకి, చెరువుల్లోకి పోతుంది. మెట్ట ప్రాంతంలో ఇంకిపోయే నూనె తెట్టు ఇక్కడ నీటి మీద తేలుతుంది.

చప్పుడు విషయానికి వస్తే 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనలు స్పష్టంగా ఉన్నాయి. నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 దాటకూడదు. వాణిజ్య ప్రాంతంలో పగలు 65, రాత్రి 55. పదే కదా తేడా అనిపిస్తుంది. డెసిబెల్ లెక్కలో పది పెరిగిందంటే శబ్ద శక్తి పది రెట్లైనట్టు. ఒక వీధిని నివాస రంగు నుంచి వాణిజ్య రంగుకు మార్చడమంటే ఆ చప్పుడుకు చట్టబద్ధంగా తలుపు తీయడమే.

నరసాపురంలో ఇల్లంటే పడుకునే చోటు మాత్రమే కాదన్నదీ గుర్తుంచుకోవాలి. 2024లో భౌగోళిక గుర్తింపు దక్కిన నరసాపురం లేసు అల్లికలు పెద్ద ఫ్యాక్టరీల్లో తయారు కావు. ఆడవాళ్లు ఇంటి అరుగు మీద, వసారాలో కూర్చుని క్రోషే సూదితో అల్లుతారు. వాళ్లకు ఇల్లే పనిచోటు. తెల్లదారం మీద దుమ్ము పడితే ఆ సరుకుకు రేటు పడిపోతుంది. పట్టణ నక్షాలో 'నివాసం' అని రంగు వేసిన చోట ఒక జీవనోపాధి కూడా ఉందన్న సంగతి ఆ రంగు చెప్పదు.

ఏ ఆఫీసు ఏం చూస్తుంది?

ఒక షోరూమ్‌కు అనుమతులు ఒకే కిటికీ దగ్గర రావు. మున్సిపాలిటీ టౌన్ ప్లానింగ్ విభాగం ప్లాను చూస్తుంది. రాష్ట్ర భవన నిబంధనలు 2017 ప్రకారం రోడ్డు వెడల్పు, చుట్టూ వదలాల్సిన ఖాళీ, పార్కింగ్ సరిపోయాయా లేదా అన్నది దాని పని. కాలుష్య నియంత్రణ మండలి వర్క్‌షాప్ నీటిని, గాలిని చూస్తుంది. కట్టే ముందు సీఎఫ్ఈ, నడిపే ముందు సీఎఫ్ఓ ఇస్తుంది. రవాణా శాఖ డీలర్‌కు ట్రేడ్ సర్టిఫికెట్ ఇస్తుంది. జాతీయ రహదారిలోకి దారి తీయాలంటే ఆ రోడ్డు చూసే అధికారుల అనుమతి వేరే.

ఎవరి ఫైలు వాళ్లది. ఎవరి గడి వాళ్లు నింపుతారు. లారీ మలుపు తిరిగేటప్పుడు బడి పిల్లల ఆటో ఎక్కడ ఆగాలి, వర్క్‌షాప్ మురుగు ఏ ఇంటి ముందు నుంచి పోతుంది, రాత్రి ఫ్లడ్‌లైట్లు ఎవరి పడకగదిలోకి పడతాయి? ఇవన్నీ కలిపి చూసే కుర్చీ ఏదీ లేదు. కాగితాలన్నీ సక్రమంగా ఉండి కూడా వీధి పాడైపోవడానికి కారణం ఇదే.

దీనికి తోడు, వ్యవసాయ భూమిని ఇతర అవసరాలకు మార్చడానికి 2006 నుంచి ఉన్న నాలా చట్టాన్ని రద్దు చేయాలని రాష్ట్ర ప్రభుత్వం 2025లో నిర్ణయించింది. ఫైళ్ల జాప్యం, చేతివాటం తగ్గుతాయని దీన్ని స్వాగతించినవాళ్లు ఉన్నారు. అందులో నిజం లేకపోలేదు. కాకపోతే ఒక గేటు తీసేస్తే మిగిలిన గేట్ల మీద బరువు పెరుగుతుంది. ఇక్కడ మిగిలిన పెద్ద గేటు ప్లానింగే.

జనం మాటకు చోటు ఎక్కడుంది?

అసలు చిక్కు ఇక్కడే. మాస్టర్ ప్లాన్‌లో నివాస ప్రాంతంగా ఉన్న స్థలాన్ని వాణిజ్యానికి మార్చాలంటే ముసాయిదా సవరణ ప్రకటించాలి. గెజిట్‌లో వేసి, అభ్యంతరాలకు 15 రోజులు గడువు ఇస్తారు. పక్కింటివాళ్లు అధికారికంగా నోరు విప్పగలిగేది అప్పుడే. స్థలం అప్పటికే వాణిజ్య ప్రాంతంలో ఉంటే ఆ ప్రకటన అవసరమే రాదు. ఇంటి గోడ ఆనుకుని ఉన్నా సరే, భవన ప్లాను ఇచ్చేటప్పుడు పొరుగువాళ్లను విడిగా అడగరు.

మరి ప్రజాభిప్రాయ సేకరణ? పర్యావరణ ప్రభావ అంచనాపై 2006లో వచ్చిన కేంద్ర నోటిఫికేషన్ కొన్ని రకాల ప్రాజెక్టులకే వర్తిస్తుంది. భవన నిర్మాణాల విషయంలో 20 వేల చదరపు మీటర్లు దాటితేనే దాని పరిధిలోకి వస్తాయి. అలా వచ్చినా, వాటికి ప్రజాభిప్రాయ సేకరణ నుంచి మినహాయింపు ఉంది. ఒక మామూలు షోరూమ్ ఆ దరిదాపుల్లోకి కూడా రాదు.

గడువుల లెక్క చూస్తే ఇంకో తమాషా కనిపిస్తుంది. అభ్యంతరం చెప్పడానికి 15 రోజులు. ఆ అభ్యంతరం రాయడానికి కావాల్సిన ప్లాను, నివేదిక కోసం సమాచార హక్కు కింద దరఖాస్తు పెడితే, జవాబు ఇవ్వడానికి అధికారికి 30 రోజులు. కాగితం చేతికొచ్చేసరికి తలుపు మూసేసి ఉంటుంది. అప్పుడు జనానికి మిగిలేది ధర్నా లేదా కోర్టు. తుందుర్రులో జనం రోడ్డెక్కాకే జవాబులు కదిలాయి. ఊళ్లో ముందే సభ పెట్టి అడగాల్సిన ప్రశ్నలను చివరికి పోలీసుల ముందు అడగాల్సి వచ్చింది.

డీలర్ వైపు నుంచి చూస్తే

వ్యాపారికీ ఈ పద్ధతి మేలు చేయడం లేదు. స్థలం కొని, బ్యాంకు లోను తీసుకుని, కంపెనీ చెప్పిన డిజైన్‌లో గోడలు లేపాక కాలనీవాళ్లు అడ్డం పడితే నష్టం మొత్తం ఆయనదే. ఆ అభ్యంతరం మొదటి నెలలోనే తెలిస్తే చాలా వాటికి తేలిక పరిష్కారాలున్నాయి. వర్క్‌షాప్‌ను ఇళ్లవైపు కాకుండా హైవే వైపు పెట్టొచ్చు. నూనె, నీరు వేరుచేసే ట్యాంకు కట్టి, కడిగిన నీటినే మళ్లీ వాడొచ్చు. డెంటింగ్, పెయింటింగ్‌ను ఊరి బయటకు పంపి, ఇక్కడ అమ్మకాలు మాత్రమే నడపొచ్చు. లారీలు పగటి రద్దీ లేని వేళ, ప్రాంగణం లోపలే దించాలని షరతు పెట్టొచ్చు. ఇవన్నీ ప్లాను గీసే దశలో చిన్న ఖర్చు. స్లాబు పడ్డాక ప్రతిదీ గొడవే.

ఉద్యోగాల మాట కూడా కొట్టిపారేయలేం. ఐటీఐ చదివిన కుర్రాళ్లకు సొంత ఊళ్లో పని దొరకడం చిన్న విషయం కాదు. కాబట్టి షోరూమ్ కావాలా వద్దా అని తగవు పడితే తేలేదేమీ ఉండదు. ఎక్కడ, ఎలా, ఏ షరతుల మీద అన్నదే తేలాలి.

బయట దేశాల్లో ఎలా?

ఇంగ్లండ్ ప్లానింగ్ చట్టంలో కార్ల అమ్మకపు షోరూమ్‌ను మామూలు దుకాణంతో కలపరు. ఏ తరగతికీ చెందని ప్రత్యేక వినియోగంగా చూస్తారు. అంటే మూతపడిన బట్టల కొట్టును కార్ల షోరూమ్‌గా మార్చాలన్నా కొత్తగా ప్లానింగ్ అనుమతి అడగాల్సిందే. దరఖాస్తు వచ్చాక స్థానిక కౌన్సిల్ పొరుగువాళ్లకు ఉత్తరాలు రాయడమో, స్థలం దగ్గర నోటీసు అంటించడమో చేస్తుంది. అభిప్రాయాలు చెప్పడానికి కనీసం 21 రోజులు ఉంటాయి. అక్కడ కూడా జనం వద్దన్నవన్నీ ఆగిపోవు. చెప్పిన ప్రతి అభ్యంతరం ఫైలులో చేరుతుంది, అధికారి దాన్ని లెక్కలోకి తీసుకోవాలి. మన దగ్గర లోటు సరిగ్గా ఇదే.

సుప్రీంకోర్టు ఏం చెప్పింది?

మీరట్‌లో నివాసం కోసం కేటాయించిన స్థలంలో దుకాణాలు కట్టిన కేసులో 2024 డిసెంబరు 17న సుప్రీంకోర్టు గట్టి తీర్పు ఇచ్చింది. ఏళ్ల తరబడి నడుస్తున్నాయన్న సాకుతో అక్రమ కట్టడాలను కాపాడలేమని తేల్చింది. దేశమంతటికీ కొన్ని ఆదేశాలు కూడా ఇచ్చింది. నిర్మాణం జరుగుతున్నన్నాళ్లూ ఆమోదించిన ప్లాను ఆ స్థలం దగ్గర అందరికీ కనబడేలా పెట్టాలి. అక్రమ భవనంలో వ్యాపారానికి ఏ సంస్థా లైసెన్సు ఇవ్వకూడదు. జోనల్ ప్లాన్ మార్చాలంటే నిబంధనలు తు.చ. తప్పకుండా పాటించాలి, ప్రజా ప్రయోజనాన్ని, పర్యావరణాన్ని చూడాలి.

వీటిలో ప్లాను బోర్డు ఆదేశం మామూలు జనానికి చాలా పనికొస్తుంది. కాంపౌండ్ గోడ లేస్తున్న చోట బోర్డు లేకపోతే, మున్సిపల్ కమిషనర్‌ను అడగడానికి ఇప్పుడు సుప్రీంకోర్టు మాటే ఆధారం.

కాలనీవాళ్లు చేయగలిగింది ఇదీ

- స్థలం మాస్టర్ ప్లాన్‌లో ఏ రంగులో ఉందో మున్సిపాలిటీలో ముందే చూసుకోవాలి. వినియోగ మార్పు ప్రకటన పడితే 15 రోజుల్లోపే రాతపూర్వకంగా అభ్యంతరం ఇచ్చి, రసీదు తీసుకోవాలి.

- "మాకు వద్దు" అని ఒక్క మాట రాస్తే సరిపోదు. మురుగు ఎటు పోతుంది, లారీ ఎక్కడ తిరుగుతుంది, పని వేళలు ఏంటి, పెయింటింగ్ బూత్ ఉందా అని అంశాలవారీగా అడగాలి. అడిగినదానికి జవాబు రాయాల్సి వస్తే అధికారి జాగ్రత్తపడతారు.

- నీటి కాలుష్య నివారణ చట్టం 1974 ప్రకారం కాలుష్య నియంత్రణ మండలి తాను పెట్టిన షరతుల రిజిస్టరు ఉంచాలి. ఆ మురుగు వల్ల ప్రభావితమయ్యే ఎవరైనా దాన్ని చూడొచ్చు. ఈ హక్కు ఉందని చాలామందికి తెలియదు.

- జాతీయ హరిత ట్రైబ్యునల్‌కు వెళ్లాలంటే సమస్య మొదలైన ఆరు నెలల్లోపే దరఖాస్తు పడాలి. తగిన కారణం చూపితే మరో 60 రోజులు. దక్షిణ రాష్ట్రాల బెంచి చెన్నైలో ఉంది. నాయకుల చుట్టూ తిరుగుతూ ఏడాది గడిపేస్తే ఆ దారి మూసుకుపోతుంది.

మున్సిపాలిటీ చేతిలో ఉన్నది

చట్టం మారేదాకా ఆగాల్సిన పని లేదు. ఆరెంజ్ కేటగిరీ దరఖాస్తు ఏదొచ్చినా ఆ స్థలం దగ్గర తెలుగులో ఒక నోటీసు బోర్డు పెట్టమనడానికి, వార్డు సచివాలయంలో ప్లాను కాపీ ఉంచడానికి, ఒక సాయంత్రం కాలనీవాళ్లను, దరఖాస్తుదారుణ్ని ఎదురెదురుగా కూర్చోబెట్టడానికి పెద్దగా ఖర్చు కాదు. ఆ సమావేశంలో వచ్చిన ప్రశ్నలను, ఒప్పుకున్న షరతులను అనుమతి పత్రానికి జత చేస్తే రేపు ఎవరూ మాట మార్చలేరు.

తుందుర్రులో పార్కు నిలబడింది, జనానికీ ప్రభుత్వానికీ మధ్య నమ్మకం మాత్రం కూలిపోయింది. గొంతేరు ఒడ్డున జరిగిన ఆ నష్టం ఏ గ్రాంటు లెక్కలోనూ కనిపించదు. రేపు నరసాపురం శివారులో కార్ల షోరూమ్‌కు కొలతలు వేసే రోజున పక్క వీధిని ముందే పిలిచి అడిగితే, ఆ లెక్క మళ్లీ మొదటికి రాకుండా ఆపొచ్చు.